తాళంచెవి లోపల, బిడ్డ లోపల

"తాళంచెవి చేతిల లేకుంట గడప దాటొద్దమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"చెత్త పడేసి రానీకి తాళంచెవి ఎందుకే? దొంగలేమన్న మెట్ల మీద కూసోని ఉంటరా?"

"దొంగలు కాదు. గీడ తలుపు దగ్గరికి పడితే చాలు, దానంతటదే బిగుసుకుంటది. బయట తిప్పే పిడి ఉండది. ఇగ బయటనే నిలబడాలె."

"గసొంటి తలుపు చేసినోని ఇంట్ల పిల్లలు లేరా?"

"జర రాసుకోమ్మా. దుకాణంల అడుగు పెట్టంగనే ముందు బొంజూర్ అని పలకరియ్యాలె. అనకుంట ధర అడిగితే మొఖం మాడ్చుకుంటరు."

"కొనేది నేను, మర్యాద చేసేది గూడ నేనేనా?"

"ఐతారం శాన దుకాణాలు బంద్ ఉంటయ్. శనివారమే అన్నీ తెచ్చుకోవాలె."

"ఐతారం నాకు చర్చి ఉంటది. దుకాణాలతోని ఏం పని?"

"ప్రతిదానికి ఎదురు మాట్లాడుతవేందమ్మా! నాకు సాయం చెయ్యనీకి ఒస్తున్నవా, పరేషాన్ చెయ్యనీకి ఒస్తున్నవా?"

"పరేషానైతే టికెట్ వాపస్ చెయ్. నన్ను తీస్కపొమ్మని నీ కాళ్లు పట్టుకున్ననా?"

ఇది నాకూ నా కూతురు జ్యోతికీ వీడియో కాల్‌లో జరిగిన గొడవ. జ్యోతి ఫ్రాన్స్ దేశంలో లియాన్ అనే ఊళ్లో నాలుగో అంతస్తులో ఉంటుంది. నేను కొత్తపేటలో ఉంటాను. దాని బిడ్డ గ్రేసీకి ఎనిమిది నెలలు. జ్యోతి సెలవు అయిపోతోంది, పసిపిల్లల్ని చూసుకునే చోట ఇంకా సీటు దొరకలేదు. అందుకని మూడు నెలలు నన్ను రమ్మంది. ఆ రోజు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ పోయి స్వెటర్ కూడా కొనుక్కొచ్చాను. ఎండాకాలంలో కొంటే సగం ధరకు ఇస్తారు. ఆటో ఎక్కకుండా నడిచే వచ్చాను.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదని ముందే చెబుతున్నాను. నాలుగో తరగతి వరకే చదివాను గాని, బుద్ధిలేని దాన్ని కాదు. ఇరవై ఆరేళ్లు సర్కారు దవాఖానలో ఆయాగా చేశాను. శవాల గదికి బండి తోసుకుంటూ పోయి, ఒక్కదాన్నే తిరిగి వచ్చేదాన్ని. అక్కడ నాకు ఎప్పుడూ ఏదీ కనబడలేదు. గాలి సోకిందనీ, ఎవరో పట్టారనీ ఏడ్చే ఆడవాళ్లను నేనే కసిరి, ముందు డాక్టరుకు చూపించుకొమ్మని పంపేదాన్ని. అలాంటి దాన్ని ఈ సంగతి రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తోంది. భయంతో కాదు.

గొడవలో జ్యోతికి ముఖం ఎర్రబడింది. వాళ్లది చిన్న ఇల్లు. వంటా, కూర్చునేదీ, బయటికి పోయే తలుపూ అన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఫోన్‌ను బల్ల మీద బిస్కెట్ల డబ్బాకు ఆనించి పెట్టింది. ముందు గ్రేసీ, ఊగే కుర్చీలో బెల్టు పెట్టి కూర్చోబెట్టి ఉంది. వెనకాల గ్యాస్ పొయ్యి మీద బిడ్డకు రాగి జావ ఉడుకుతోంది. పొయ్యి పక్కనే చేతులు తుడుచుకునే గుడ్డ. ఎడమవైపు తలుపు, తలుపు పక్కన మేకుకు తాళంచెవుల గుత్తి.

"దాన్ని చూస్తుండు. చెత్త పడేసొస్త. ఇంకో మాట మాట్లాడితే నెత్తి పగుల్తది నాకు," అని చెత్త సంచి చేతికి తీసుకుని బయటికి నడిచింది.

టక్కుమని చప్పుడైంది.

గుత్తి మేకుకు అలాగే ఉంది. తలుపు పడిన అదురుకు కొంచెం ఊగుతోంది.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. నాకు పాఠం చెప్పిన మనిషే, ఆ పాఠం చెప్పిన కోపంలోనే బయట ఉండిపోయింది. ఫోన్ లోపల, తాళంచెవి లోపల, బిడ్డ లోపల. పొయ్యి మీద మంట.

తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది. "అమ్మా! అమ్మా! గ్రేసీని చూడమ్మా!" అని దాని గొంతు చెక్క అవతల నుంచి సన్నగా వచ్చింది. తర్వాత మెట్లు దిగుతూ ఒక్కొక్క ఇంటి తలుపు కొడుతున్నట్టు దూరంగా వినబడింది. అక్కడ పగలు పన్నెండు. ఎవరి పనులకు వాళ్లు పోయి ఉంటారు. మా గోడ గడియారంలో మూడున్నర.

గ్రేసీ ఏడవడం మొదలుపెట్టింది. నేను ఫోన్‌లోనే "చిన్నీ, అమ్మమ్మను చూడు" అంటూ చప్పట్లు కొట్టాను. అల్లుడికి ఫోన్ చేద్దామంటే ఈ కాల్ కట్ చేయాలి. కట్ చేస్తే బిడ్డ కనబడదు. నా అరుపులకు పక్కింటి రమాదేవి పరుగున వచ్చింది. వాళ్లది కోనసీమ, ఇరవై ఏళ్లుగా మా పక్కనే ఉంటున్నారు.

"ఏమైందండీ మార్తమ్మగారూ? ఏంటా కేకలు?"

"నీ ఫోన్ తేమ్మా, జల్ది! అల్లునికి చెయ్యాలె. చూడు, పొయ్యి!"

ఆమె తెర మీద పొయ్యి చూసింది, మంట చూసింది. "అయ్యో, ఆ గుడ్డ అంటుకుంటుందండీ!" అంటూ ఫోన్ కోసం వాళ్లింటికి పరిగెత్తింది. ఆ మాటలు గుర్తు పెట్టుకోండి. మంట ఉన్నట్టు ఆమె కూడా చూసింది.

జావ అడుగంటుతోంది. గిన్నెలోంచి పొగ లేచింది. ఆవిరికీ పొగకూ తేడా నాకు తెలుసు. గ్రేసీ ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తోంది. నేను ఏడు సముద్రాల ఇవతల కొత్తపేటలో కూర్చుని, ఆ పొయ్యి పిడి వైపు చెయ్యి చాచాను. నిజంగానే చాచాను. నా వేళ్లు ఫోన్ అద్దానికి తగిలాయి.

అప్పుడు ఒక చెయ్యి వచ్చింది.

తెరలో కుడివైపు నుంచి, మోచేతి దాకా కనబడింది. ముసలి ఆడమనిషి చెయ్యి. బూడిదరంగు పొడుగు చేతుల రవిక, పని చేసేవాళ్లలాగా పైకి మడిచి ఉంది. నరాలు తేలి, వేళ్ల మీద కాయలు కాచి ఉన్నాయి, గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. ఆ చెయ్యి పొయ్యి పిడి తిప్పింది. మంట ఆరింది. గుడ్డను తీసి అవతల పడేసింది. గరిటెను గిన్నె మీద అడ్డంగా పెట్టింది. ఏ తొందరా లేదు, రోజూ చేసే పనిలాగా చేసింది. తర్వాత కిందికి వచ్చి గ్రేసీ కుర్చీ అంచు పట్టుకుని ఊపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. గ్రేసీ ఏడుపు ఆపి తల ఎత్తి పైకి చూసింది. పసిపిల్లలు మనిషి ముఖాన్ని ఎలా చూస్తారో అలా చూసింది.

ఆ కంగారులో అవేవీ ఆలోచించకుండా, జ్యోతే ఎలాగో లోపలికి వచ్చిందనుకున్నాను. సంతోషం పట్టలేక తిట్టాను. "ఒచ్చినవా! ముందు బిడ్డను ఎత్తుకోవే! మొఖం చూపియ్యవేంది?"

 చెయ్యి కుడివైపుకే పోయింది. కుర్చీ ఇంకా ఊగుతూనే ఉంది.

అదే సమయంలో తలుపు అవతల నుంచి నా కూతురి గొంతు.

"అమ్మా! గ్రేసీ ఏడుస్తలేదేందమ్మా? ఏమైంది దానికి? అమ్మా, మాట్లాడు!"

జ్యోతి ఇంకా బయటే ఉంది, అంటే లోపలున్నది అది కాదు. కానీ బిడ్డ నా ఎదుట నవ్వు ముఖంతో ఉంది. "మంచిగుంది! మంచిగుందే నీ బిడ్డ!" అని గొంతు పగిలేలా అరిచాను.

రమాదేవి ఫోన్ పట్టుకుని వచ్చింది. తెర వైపు చూసి, "ఎవరార్పారండీ?" అంది. నేను ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని అల్లుడి నంబరు నొక్కాను.

అల్లుడు ప్రభాకర్ ఎత్తలేదు. గోదాంలో పని, ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. ఇంకాసేపటికి తలుపు సందులో గరగరమని చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. జ్యోతి పరిగెత్తుకొచ్చి బిడ్డను గుండెకు హత్తుకుంది. వెనకాల రెండో అంతస్తు ముసలామె, చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్మ్. తలుపుకూ చట్రానికీ మధ్య ఆ ఫిల్మ్ దూర్చి, ఊపుతూ కిందికి లాగితే గడియ వెనక్కి జారుతుందట. తాళం తిప్పి వేసి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, ఊరికే తలుపు పడితేనే పనిచేస్తుంది. ఆ దేశంలో చాలామంది ఇందుకోసమే పాత ఎక్స్‌రేలు దాచుకుంటారట. దవాఖానలో నేను అలాంటివి ఎన్ని మోశానో లెక్కలేదు. తలుపులు తెరుస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు.

చదివేవాళ్ల పిల్లలు ఆ దేశం పోతుంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఇంకో తాళంచెవి చేయించి నమ్మకమైన పొరుగువాళ్ల దగ్గర పెట్టమనండి. లోపల పసిబిడ్డా మంటా ఉంటే తలుపు గురించి ఆలోచించకుండా, ఎవరిదైనా ఫోన్ అడిగి పద్దెనిమిది నొక్కితే మంటలు ఆర్పేవాళ్లు వస్తారట. టపా డబ్బాలో పడే చీటీల మీద తాళాలవాళ్ల నంబర్లు ఉంటాయి, వాటికి మాత్రం చేయొద్దు, నోటికొచ్చినంత గుంజుతారు. ఆ డబ్బా మీద మన పేరు అంటించుకోకపోతే ఉత్తరాలు కూడా చేరవు. నల్లా నీళ్లే తాగొచ్చు, సీసాలు కొనొద్దు.

ఆ చెయ్యి సంగతి జ్యోతికి అప్పుడే చెప్పాను. అది పొయ్యి దగ్గరికి పోయి చూసింది. పిడి పూర్తిగా మూసి ఉంది. గరిటె గిన్నె మీద అడ్డంగా ఉంది. గుడ్డ నేల మీద ఉంది. నాలుగు మూలలా వెతికింది, స్నానాల గదిలో కూడా ఎవరూ లేరు. కిటికీలు బిగించి ఉన్నాయి.

జావ పొంగి మంట ఆరిపోయిందని అల్లుడు అన్నాడు. మరి పిడి ఎవరు తిప్పారు? ఫోన్ ఒక్కోసారి ఆగి పాత బొమ్మనే చూపిస్తుందని మన్సూరాబాద్‌లో ఉండే నా తమ్ముడు అన్నాడు. కానీ జ్యోతి ఆ రోజు వేసుకున్నది ఎర్ర నైటీ, పొట్టి చేతులది. ఎల్బీ నగర్ చర్చిలో పాస్టరమ్మ దేవదూత అంది. నాకు ప్రభువు మీద నమ్మకం ఉంది. కానీ దేవదూత చేతికి గిన్నెలు తోమిన కాయలు ఉంటాయని ఎక్కడా వినలేదు. ఆ ఇంట్లో ఇదివరకు చనిపోయిన ముసలామె అయి ఉంటుందని రమాదేవి అంది. జ్యోతి విచారిస్తే, అంతకు ముందు కిరాయికి ఉన్నది పెళ్లయిన కుర్రజంట, ఇద్దరూ బతికే ఉన్నారు. వాళ్లకు ముందు ఎవరున్నారో అక్కడ ఎవరికీ తెలియదు.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ చెయ్యిని మాత్రం చూశాను. రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పే చదువు నాకు లేదు. చదువుకున్నవాళ్లను అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. ఎవరైతేనేం, నా మనవరాలిని కాపాడింది. తలుచుకుంటే లేచి నలుగురికీ చెప్పాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున, అంటే అక్కడి పొద్దున, జ్యోతి కొత్త తాళంచెవి ఒకటి చేయించి రెండో అంతస్తు ముసలామెను పైకి పిలిచింది. నాకు వీడియో కాల్ చేసింది. ఆమె చేతులు ఒకసారి చూపించమన్నాను. జ్యోతి అడిగితే ఆమె నవ్వి రెండు చేతులూ ముందుకు చాచింది. తెల్లగా, బొద్దుగా ఉన్నాయి. గోళ్లు పొడుగ్గా, ఎర్ర రంగు వేసి ఉన్నాయి. అవి కాదు. ఆమె తాళంచెవి తీసుకుని జేబులో వేసుకుంది. గ్రేసీని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంచాతో జావ తాగించింది. గిన్నెలో చుక్క మిగలలేదు.