మూడు వాయిదాలు

పలాసలో డయాలసిస్ వార్డు గోడకి ఒక టీవీ ఉంది. దాని రిమోటు ఎక్కడుందో నర్సులకీ తెలియదు, ఆయాలకీ తెలియదు. పొద్దున్న ఏ చానెల్ దగ్గర ఆగిపోతే సాయంత్రం దాకా అదే. మొన్న మా అత్తని తీసుకెళ్ళిన రోజున అది పార్లమెంటు దగ్గర ఆగింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. కవిటి పక్కన కొబ్బరితోటల్లో కాపురం చేసి, ఉద్దానంలో ఇంటికొకరికి వచ్చినట్టే ఆవిడకీ కిడ్నీలు పాడై, ఇప్పుడు పలాసలో నా దగ్గర ఉంటోంది. డయాలసిస్ అనే మాటకి ఆవిడ నోరు తిరగదు. వాయిదా అంటుంది. "రేపు వాయిదా కదరా, జోళ్ళు కడిగి పెట్టు" అంటుంది. ఆ రోజు సూదులు గుచ్చి గొట్టాలు తగిలించి నర్సు వెళ్ళిపోయాక నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. టీవీలో ఒక సభ్యుడు లేచి, కొత్త చట్టాలతో దేశంలో కోర్టుల రూపమే మారిపోతుందనీ, ఇక రెండుకి మించి వాయిదాలు ఉండవనీ చెబుతున్నాడు. ఆయన వెనకవాళ్ళు బల్లలు చరుస్తున్నారు. అత్త కళ్ళు మూసుకునే ఉంది గానీ గొట్టాలు లేని చెయ్యి దుప్పటిని పిడికిట్లోకి లాక్కుంది. నాకు మావయ్య గుర్తొచ్చాడంటే, ఆవిడకి రాకుండా ఉంటాడా.

మావయ్య అంటే అత్త మొగుడు. ఆయనకి ఉన్న పిచ్చి పార్లమెంటు. జీడిపిక్కలు రాలి నేల మీద పడున్నా సరే, రేడియోలో ఢిల్లీ సంగతులు అయ్యేదాకా గుమ్మం దిగేవాడు కాదు. ఎవరు లేచారు, ఎవరు కూచోమన్నారు, ఎవరు కాగితాలు చింపారు, అన్నీ విని, తోటలో పనివాళ్ళకి మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు. ఇంట్లోనూ సభామర్యాదలే. పీట మీద కూర్చుని "అధ్యక్షా, ఈ పులుసులో ఉప్పు సంగతి సభ దృష్టికి తెత్తన్నాను" అనేవాడు. అత్త గరిటె పైకెత్తి "సభ వాయిదా" అనేది. ఓటేసిన సభ్యుడి ముఖం ఆయన జన్మలో చూడలేదు. అయినా ఆ మనిషి సభలో నోరెత్తిన రోజున మాత్రం తన కొడుక్కి ఉద్యోగం వచ్చినట్టు ఇంటింటికీ తిరిగేవాడు. పిల్లలు లేరు వాళ్ళకి.

ఇంత చట్టభక్తుడూ ఒట్టి సాధువేమీ కాదు. ఆయన పెదనాన్న కొడుకు ఒకాయన ఉండేవాడు. నేను పెద్దమావ అని పిలిచేవాణ్ణి. ఇద్దరి తోటలకీ మధ్య మొగలిపొదల పక్కన కొన్ని కొబ్బరిచెట్లున్న సన్నటి పట్టీ ఒకటి ఉంది. దానికోసం వాళ్ళ తండ్రులు తలలు పగలగొట్టుకున్నారు. కొడుకులు తోటలతో పాటు ఆ పని కూడా వారసత్వంగా తీసుకున్నారు. ఒకనాడు కాయలు దింపుతుంటే మాటా మాటా పెరిగి, పెద్దమావ కొబ్బరిమట్ట తీసి మావయ్య నుదురు చీల్చేశాడు. మావయ్య కిందపడుతూ ఆయన మెడ పట్టుకుని చెవి తమ్మె కొరికేశాడు. అది తెగి ఇసకలో పడింది. దాన్ని కాకి ఎత్తుకుపోయిందని కొందరు, కాదు కుక్క తినేసిందని కొందరు, ఆ వాదంతో ఊరు కొన్నాళ్ళు రెండు పార్టీలైంది. ఇంకోసారి కత్తులు లేస్తాయని భయపడి మా నాన్నే మావయ్యని టెక్కలి తీసుకెళ్ళి, ప్లీడరుని మాట్లాడి, సివిల్ కేసు వేయించాడు.

ఆ కేసు వేశాక జరిగిన విచిత్రం ఏమిటంటే, ఊళ్ళో శాంతి వచ్చింది. కేసు తేలేదాకా పట్టీలో ఒక దింపు వాళ్ళది, తర్వాతి దింపు వీళ్ళది అని పెద్దలు కుదిర్చారు. దింపంటే కొబ్బరికాయల కోత. ఇంక కొట్టుకోవలసిన పని లేకపోయింది. వాయిదా రోజున ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఒకే బస్సెక్కేవారు. ఒకసారి ఈయన ప్లీడరు వాయిదా అడిగేవాడు, ఇంకోసారి ఆయన ప్లీడరు. నేనప్పుడు టెక్కలిలో బడిపంతులుని. కోర్టు కాగానే ఇద్దరూ మా ఇంటికే భోజనానికి వచ్చేవారు. ఒకరి నుదుట మచ్చ, ఒకరికి చెవి తమ్మె లేదు, ఒకే చాప మీద కూర్చుని ఒకే కూర మారు వడ్డించమనేవారు. వీళ్ళు వాదిప్రతివాదులని చెబితే మా ఆవిడ నమ్మేది కాదు. పెద్దమావ తక్కువ మాట్లాడేవాడు. వెళ్ళేటప్పుడు మా పాపకి సంచిలోంచి ఒక కొబ్బరిబొండాం తీసిచ్చేవాడు. అది పట్టీ చెట్టుదో, సొంత చెట్టుదో నేను అడగలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఇరవయ్యో శతాబ్దం అయిపోవస్తోంది. అప్పుడు ఢిల్లీలో సివిల్ కోర్టుల సంస్కరణ మీద పెద్ద చర్చ వచ్చింది. ఒక కేసులో మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని బిల్లు. మావయ్య ఆ చర్చని రేడియోలో విని, ఆ మరుసటి వాయిదాకి పెళ్ళికొడుకులా దిగాడు. అన్నం తింటూ మొత్తం చర్చ మాకు వినిపించాడు. తాతలు వేసిన కేసులు మనవలు తెమల్చుకుంటున్నారని ఒకరన్నారట, ఇది దేశానికే సిగ్గని ఇంకొకరన్నారట. సభంతా బల్లలు చరిచిందట. నేను చెప్పాను, అది ఇంకా చర్చేననీ, చట్టమై అమల్లోకి రావాలంటే చాలా తతంగం ఉందనీ. మావయ్య నా వంక జాలిగా చూశాడు. "పంతులూ, అంతమంది పెద్దోళ్ళు సబలో నిలబడి అన్నాక మరింకేటుంటాదిరా" అన్నాడు. ఆయనకి పార్లమెంటు అంటే ఊరి పెద్దలే, కాస్త పెద్ద ఊరికి. అక్కడ మాట పడితే పడినట్టే.

పెద్దమావ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "మూడేనా?" అన్నాడు మెల్లిగా. "మూడే" అన్నాడు మావయ్య. పట్టీ తనదనడానికి పెద్దమావ దగ్గర కాగితం ముక్క లేదు. వాయిదాలు నడిచినన్నాళ్ళే ఆ పట్టీలో సగం నీదని ఆయన ప్లీడరు ఎప్పుడో చెప్పేశాడట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన విస్తరి మడిచి లేచి, చెయ్యి కడుక్కుని, పాపకి బొండాం ఇవ్వకుండానే బస్టాండుకి వెళ్ళిపోయాడు.

మావయ్య నోరు ఊరుకునే నోరు కాదు. టీ దుకాణంలో, పూండి స్టేషన్లో, జీడిపిక్కలు అమ్మడానికి పలాస వచ్చినప్పుడు పిక్కలు కాల్చే ఆ కమ్మటి పొగలో నిలబడి కూడా, మూడు వాయిదాలని చెప్పుకొచ్చాడు. పెద్దమావ వంతు దింపు రోజున, ఆయన మనిషి చెట్టెక్కి ఉండగా, మొగలిపొద పక్కన నిలబడి "బాగా దింపుకోరా అన్నా, ఇదే నీకు ఆకరి దింపు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడని అత్త అంటుంది. పనివాళ్ళకి అంబలి కుండ పట్టుకుని ఆవిడ అప్పుడే గట్టు దిగుతోంది.

పెద్దమావ గెలలు కోసే కత్తి నేల మీదనుంచి తీశాడు. మొదటి వేటు భుజం మీద పడింది. మావయ్య అది కూడా వేళాకోళమే అనుకున్నాడు కాబోలు, "ఓరి నీ..." అని నవ్వు పూర్తికాకుండానే అడ్డం పెట్టిన చెయ్యి తెగి వేలాడింది. పరిగెత్తబోయి మొగలిపొదలో పడ్డాడు. ముళ్ళు పట్టేశాయి, లేవలేకపోయాడు. పెద్దమావ పొదలోకి దిగి నరికాడు. ఆకులూ మనిషీ ఒకటైపోయేదాకా నరికాడు. అత్త కుండ విసిరేసి వెళ్ళి ఆయన నడుం పట్టుకుంటే మోచేత్తో కొట్టాడు, ఆవిడ పళ్ళు రెండు రాలాయి. తర్వాత ఆయన కత్తి కింద పెట్టి, ముళ్ళు గీరుకున్న చేతులు చూసుకుంటూ పడున్న కాయల మీద కూర్చున్నాడట. చెట్టు మీదివాడు పోలీసులు వచ్చేదాకా దిగలేదు. నేను వెళ్ళేసరికి ఇసక నల్లబడింది. ఆ పట్టీ వెడల్పు మనిషి పడుకుంటే సరిపోయేంతేనని నాకు ఆ రోజే కనబడింది.

మావాళ్ళు ఊరుకోలేదు. దినాలు కాకుండానే పెద్దమావ పశువుల పాకకి నిప్పు పెట్టారు. పక్కనే ఉన్న కొబ్బరి డొక్కల గుట్ట అంటుకుని రోజుల తరబడి కుమిలింది. ఊరంతా ఆ పొగలోనే అన్నం తింది. వాళ్ళ కొడుకులు తెల్లారేసరికి అత్త తోటలో కాపుకొచ్చిన చెట్లు ఎక్కి మొవ్వులు నరికేశారు. మొవ్వు పోతే కొబ్బరిచెట్టు చచ్చినట్టే, కాకపోతే నిలబడి చస్తుంది. మా నాన్నని సోంపేట బస్సులోంచి లాగి కాళ్ళు విరగ్గొట్టారు. మావయ్య బతికుంటే వీటన్నిటినీ సభ తీవ్రంగా ఖండిస్తోంది అనేవాడు.

పెద్దమావ బెయిలు మీద వచ్చాడు. మళ్ళీ వాయిదాలు మొదలయ్యాయి, ఈసారి ఖూనీ కేసుకి. అదే బస్సు, ముందు సీట్లో అత్త, వెనక సీట్లో ఆయన. ఆవిడకి కావలసింది ఒకటే. కోర్టు పైకి అనాలి, ఈ మనిషే చంపాడని. సాక్షులు ఒక్కొక్కరే జారిపోయారు. చెట్టెక్కినవాడికి గెల తప్ప కింద ఏమీ కనబడదని ఆ దింపుడువాడు బోనులో చెప్పాడు. మిగిలింది అత్త ఒక్కర్తే. ఆవిడ సాక్ష్యం ఇవ్వవలసిన రోజున ప్లీడర్లు కోర్టు బహిష్కరించారు. ఎందుకయ్యా అంటే, ఆ మూడు వాయిదాల బిల్లుకి వ్యతిరేకంగా. బిల్లు అప్పటికింకా అమల్లోకే రాలేదు. వాయిదాలు తగ్గించవద్దని జరిగిన గొడవకి అత్తకి వాయిదా పడింది. ఆవిడ కోర్టు మెట్ల మీద కూలబడి, గుప్పెడు దుమ్ము తీసి ఆ గుమ్మం మీదికి విసిరింది.

మరో వాయిదాకి పెద్దమావ పెద్దకొడుకు బస్టాండులో కర్రతో ఆవిడ భుజం ఎముక విరిచాడు. ఆస్పత్రికి పోదామంటే వినలేదు. విరిగిన చేతిని కొంగుతో మెడకి కట్టించుకుని బోనెక్కింది. ప్రమాణం చెయ్యమంటే ఆ చెయ్యి లేవలేదు. "సూసినాను బాబూ. సంపినోడు ఈడే. నా మొగుడు నవ్వుతుండగా నరికినాడు" అంది. పెద్దమావ తల ఎత్తలేదు. ఆయన ముఖం అప్పటికే ఉబ్బి, పాదాలు వాచి ఉన్నాయి. ఉద్దానంలో ఆ వాపు చూస్తే ఎవరూ కారణం అడగరు. తీర్పుకి వాయిదా వేశారు. జడ్జి బదిలీ అయ్యాడు. కొత్త జడ్జి వచ్చి మళ్ళీ వాదనలు వింటానన్నాడు. ఈలోగా పెద్దమావ కిడ్నీలు పూర్తిగా పోయి చచ్చిపోయాడు. ముద్దాయి లేడు గనుక కేసు మూసేశారు. ఆ మాట చెప్పడానికి వెళ్ళిన నన్ను అత్త ఒకటే అడిగింది, "మరైతే ఎవులు సంపినట్టురా?" అని.

ఆ చట్టం తర్వాత కొన్నాళ్ళకి మార్పులతో అమల్లోకి వచ్చింది. వచ్చినా ఖూనీ కేసులకి ఆ లెక్క వర్తించదట. సివిల్ కేసుల్లో కూడా అది ఎంతవరకు అమలవుతుందో టెక్కలి కోర్టు ఆవరణలో పడిగాపులు కాసేవాళ్ళని అడగాలి. మావయ్య తప్పు విన్నాడని మావాళ్ళందరూ అంటారు. నేను మాత్రం ఆయన సరిగ్గానే విన్నాడంటాను, తొందరపడి నమ్మాడు. వాయిదాలు ఆయన్ని అన్నేళ్ళు బతికించాయి, మళ్ళీ అవే ఆయన పెళ్ళాన్ని కోర్టు మెట్ల మీద కూలదోశాయి. వీటిలో ఏది న్యాయమో ఏ సభలో చర్చిస్తారో నాకు తెలియదు. మొన్నటి తుఫానుకి మొగలిపొదలతో సహా ఆ పట్టీలో చెట్లన్నీ పడిపోయాయి. ఇప్పుడు హద్దు చూపించమంటే చూపించగలిగినవాళ్ళు లేరు.

వార్డులో టీవీ మోగుతూనే ఉంది. రెండే రెండు వాయిదాలు అని ఆ సభ్యుడు వేళ్ళు చూపించాడు. అత్త కళ్ళు తెరవకుండానే అంది.

"అది కట్టీరా. ఎవుడైనా ఇని, నిజమనుకుని, ఊరెల్లి సెప్పగలడు."

నేను లేచి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చుట్టూ మంచాల మీద మా ఉద్దానం వాళ్ళే, మిషన్ల చప్పుడు వింటూ పడుకున్నారు. నర్సు వచ్చి సూదులు తీసి దూది అదిమి పెట్టింది. అత్త నా చెయ్యి పట్టుకుని మంచం దిగుతూ, మళ్ళీ వాయిదా ఎప్పుడని అడిగింది. ఎల్లుండి అన్నాను. గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"ఇత్తారు కదరా?"

"ఇత్తారత్తా" అన్నాను. కాలం ఎందుకు కదలదని టెక్కలి మెట్ల మీద దుమ్మెత్తి పోసిన మనిషి, ఇప్పుడు అదే కాలాన్ని ఇంకొక్క వాయిదా ఇమ్మని అడుగుతోంది.