తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల

మా అమ్మకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అందుకని అమ్మ పుట్టగానే అమ్మమ్మ ఆ పసిబిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. కాసేపయ్యాక చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుంది. మా వైపు పిల్లలు దక్కనివాళ్లంతా అలాగే చేసేవాళ్లు. బిడ్డ వేరే ఇంటిదనుకుని చావు దాటిపోతుందని నమ్మకం. చిన్నతాతకైతే మరీ బాగా తెలుసు. తాత తమ్ముడాయన. ఆ రోజు చేట మోసింది ఆయనే.

ఇన్నేళ్లయినా నాకు కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. ఐదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అరవైల చివర్లో తాత పోయాడు. అమ్మమ్మ అంతకుముందే పోయింది. మేము బాపట్ల పక్కన సముద్రం ఒడ్డున ఉండేవాళ్లం. నాన్న వేటకెళ్లేవాడు, అమ్మ చేపలమ్మేది. రేపల్లె దగ్గరున్న తాత ఇల్లూ, వెనక దొడ్డీ ఒక్కతే కూతురు కాబట్టి అమ్మకు రావాలి. పెద్దకర్మ రోజే చిన్నతాత కులపెద్దల ముందు నోరు తెరిచాడు. అమ్మ తన అన్న కూతురే కాదన్నాడు. పక్కింటివాళ్ల పిల్లని తెచ్చి పెంచుకున్నారన్నాడు. పెద్దలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, పుట్టినప్పటి కాగితం తెమ్మన్నారు. వాళ్ల ఇళ్లలోనూ తవుడిచ్చి కొనుక్కున్న పిల్లలున్నారు. ఒక్కడూ ఆ మాట అనలేదు.

అమ్మా నేనూ రేపల్లె తాలూకా ఆఫీసుకు వెళ్తే పాత పుస్తకాలు తెనాలిలో ఉన్నాయన్నారు. తెనాలి వెళ్తే రేపు రమ్మన్నారు. గంప పక్కన పడేసి ఎన్నిసార్లు తిరిగామో. బెంచీ మీద కూర్చుంటే చేపల వాసనొస్తోందని గుమాస్తా మమ్మల్ని మెట్ల మీదకు పంపాడు. చివరికొక రోజు పుస్తకం తీసి చదివాడు. ఆడపిల్ల. పేరు లేదు. తండ్రి పేరు దగ్గర పక్కింటాయన పేరుంది. చెప్పినవాళ్ల పేరు దగ్గర చిన్నతాత పేరుంది.

పుట్టుకలు రాసుకునే ఊరి మునసబు దగ్గరికెళ్లి రాయించింది కూడా ఆయనేనన్నమాట. అప్పుడు మా అమ్మ బతకాలనే అలా చెప్పుంటాడు. అది నేను కాదనను.

అమ్మ తవుడు సంగతి చెప్పబోయింది. "ఇందులో రాసిందే లెక్కమ్మా, కథలు నాకెందుకు" అని గుమాస్తా పుస్తకం మూసేశాడు.

అక్కణ్నుంచి నేరుగా చిన్నతాత ఇంటికే వెళ్లాం. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"చేట మోసింది నువ్వు, రాయించింది నువ్వు. ఇప్పుడు నేనెవరి కూతుర్ని బాబాయ్?" అంది అమ్మ.

"ఎప్పటి మాటలోనమ్మా, నాకు గుర్తులేదు."

"నీ ముక్కే నా ముక్కు. అద్దంలో చూసుకో."

"కాగితంలో ముక్కులు రాయరు కదే" అన్నాడు, వల మీంచి తల ఎత్తకుండానే.

ఇల్లూ దొడ్డీ ఆయనకే పోయాయి.

నాలుగైదేళ్లకు ఆయనా పోయాడు. అప్పుడు నేను పురిటికి పుట్టింటికొచ్చి ఉన్నాను. ఆయన కొడుకు మనిషిని పంపించాడు. బాబాయి పోతే మైల కాబట్టి అమ్మ తలమీద నీళ్లు పోసుకోవాలట, పెద్దకర్మ దాకా నీచు ముట్టకూడదట, ఆ రోజుకు రావాలట. అమ్మ అప్పుడే గంప దించింది.

"మాకేం మైలయ్యా? తెనాలి వెళ్లి పుస్తకం చూసుకోమను."

వచ్చినాయన కదల్లేదు. అమ్మ పొయ్యి వెలిగించి, అతని ఎదురుగానే చేపలు తోమడం మొదలుపెట్టింది. జనం ఏమనుకుంటారని నాన్న గొణిగాడు. నేను లోపలికెళ్లి కత్తిపీట తెచ్చి అమ్మ ముందు పెట్టాను.