గోల్ వెనక నిలబడ్డ రోజు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, దేశంలోని క్లబ్బులన్నీ ఆడే ఫుట్‌బాల్ కప్పులో ఒక మ్యాచ్ మా కాజీపేట రైల్వే గ్రౌండుకు వచ్చింది. అది నాకౌట్ కప్పు. ఓడిన జట్టు ఆ రోజే పెట్టె సర్దుకోవాలి. జీతాలు తీసుకుని ఆడే కలకత్తా, బొంబాయి జట్లు ఎలాగూ ఉంటాయి. డ్యూటీ దిగి సాయంత్రాలు ఆడుకునే మాలాంటి వాళ్ళ జట్టుకూ అందులో చోటుంటుంది. మా జట్టులో ఎక్కువమంది లోకోషెడ్డు ఫిట్టర్లు. గోల్‌కీపర్ మా ఆయన. మా పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

మా వాళ్ళకు కలకత్తా పెద్ద జట్టు ఎదురు పడిందని తెలియగానే కాలనీలో పండగలా అయింది. నాకు మాత్రం ఆ కబురు విన్న దగ్గర్నుంచి అన్నం సయించలేదు. ఆయన ఎడమ కంటి సంగతి అప్పటికే నాకు తెలుసు.

ప్రాక్టీసులో ఎవరిదో మోచెయ్యి తగిలి ఆ కన్ను వాచింది. వాపు తగ్గింది గానీ, ఆయన నీళ్ళ గ్లాసు అందుకోబోతే చెయ్యి దాని పక్కనుంచి పోయేది. పక్కనున్న పచ్చడి గిన్నె కోసం తల మొత్తం తిప్పి చూసేవాడు. ఒకరోజు నవ్వులాటగా ఆయన కుడి కన్ను నా అరచేత్తో మూశాను.

"నా చేతిల ఏమున్నది చెప్పు?"

నా చేతిలో ఉన్నది పొయ్యి ఊదే ఇనుప గొట్టం. దాన్ని ఆయన ముఖం ముందు అటూ ఇటూ ఆడించాను. రెప్ప కూడా కదలలేదు. నా నవ్వు ఎక్కడికక్కడే ఆగిపోయింది.

"పక్కనుంచి నల్ల తెర జారినట్టు కొడ్తాంది," అన్నాడు చివరికి. "ఎవ్వలకు చెప్పకు. మ్యాచ్ అయిన తెల్లారే దవాఖానకు పోత."

"మ్యాచ్‌ల ఇంకో దెబ్బ తగిల్తే?"

"అసొంటి జట్టు మళ్ళ మన గ్రౌండుకు వస్తదా? ఫికర్ చెయ్యకే."

నేను ఏడ్చాను, అరిచాను, అమ్మగారింటికి పోతానని బెదిరించాను. ఆయన వినలేదు. జట్టులో ఉన్న ఇంకో గోల్‌కీపర్ పచ్చకామెర్లతో మంచం పట్టి ఉన్నాడు. దానికి తోడు బోరింగు దగ్గర ఆడవాళ్ళ మాటలు. ఆ కలకత్తా జట్టులో ఒక పొడుగాటి ఫార్వర్డ్ ఉన్నాడట, వాడి బంతికి ఏదో ఊళ్ళో గోల్‌కీపర్ చెయ్యి విరిగిందట. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా తెలియకుండా నిలబడేదాన్ని.

మ్యాచ్ రోజు మధ్యాహ్నానికే హనుమకొండ నుంచి, వరంగల్ నుంచి జనం దిగారు. క్వార్టర్ల మీద, గోడల మీద, ఎక్కడ చూసినా మనుషులే. ఆడవాళ్ళకు ఒక పక్క షామియానా వేశారు. మా అత్తమ్మ కేసముద్రం దగ్గరి ఊరినుంచి కొడుకు ఆట చూడటానికి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెకు కంటి సంగతి తెలియదు. కొడుకు కనపడినప్పుడల్లా నా మోకాలి మీద చరుస్తూ సంబరపడుతోంది.

ఆట మొదలైన కాసేపటికే ఆ పొడుగాటి ఫార్వర్డ్ మా ఆయనకు ఎడమ పక్కనుంచి బంతి కొట్టాడు. పెద్ద గట్టిగా కూడా కొట్టలేదు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. బంతి వలలో పడ్డాక గానీ అటు తిరగలేదు.

గోడ మీదినుంచి ఎవరో అరిచారు.

"అమ్ముడువోయిండు రా! కీపర్ అమ్ముడువోయిండు!"

ఆ మాట నోటినుంచి నోటికి పాకింది. ఒక రాయి వచ్చి గోల్ పోస్టు దగ్గర పడింది. ఆయన ఆ రాయిని కూడా చూడలేదు, అది ఎడమ వైపే పడింది. అంతవరకు బంతికే భయపడ్డాను. ఇప్పుడు మనుషులకు కూడా భయపడాల్సి వచ్చింది.

ఎప్పుడు లేచానో తెలియదు. "యాడికే?" అని అత్తమ్మ అడుగుతూనే ఉంది, నేను గీత పక్కనుంచి నడిచి వెళ్ళి గోల్ వెనక, వలకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడంతా మగవాళ్ళే. కొందరు ఈలలు వేశారు.

"నేనే," అన్నాను మెల్లగా.

ఆయన తల తిప్పలేదు. "ఇంటికి పో."

"పోను. నీ ఎడమ దిక్కు నేను చూస్తాన. నువ్వు కుడి దిక్కు చూసుకో."

"పోవే అంటే..."

"వస్తాండు! ఎడమకు! కింద!"

ఆయన పడ్డాడు. బంతి చేతులకు తగిలి బయటికి పోయింది. ఈలలు ఆగిపోయాయి. లేచి మోచేతులు దులుపుకుంటూ, నావైపు చూడకుండానే, "జర ముందుగాల చెప్పు," అన్నాడు.

అలా చెబుతూనే ఉన్నాను. నాకు ఆట తెలియదు. ఎవరు వస్తున్నారో, ఎంత దూరంలో ఉన్నారో, అంతే చెప్పాను. ఒక్క మాట తప్పు చెబితే ఆయనకేమవుతుందో అన్న భయానికి కళ్ళార్పలేదు.

ఒక పోలీసాయన వచ్చి, "ఏయ్ అమ్మా, నడు ఈడికెల్లి," అని లాఠీ చూపించాడు. అతని వెనకాలే అత్తమ్మ వచ్చింది. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, కొంగు దోపుకుని నేల మీద చతికిలబడింది.

"నా కొడుకు ఆడుతాండు సారూ. మేం ఈడనే కూసుంటం. తీస్కపోతె ఇద్దర్ని తీస్కపో."

పోలీసాయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సగం ఆటకు జట్లు వైపులు మారితే మేమిద్దరం కూడా అవతలి గోల్ వెనక్కి మారాం. ఆట చివరికొచ్చింది. ఇంకా ఒక్క గోలే తేడా. ఆ పొడుగాటి మనిషి మా వాళ్ళందరినీ దాటుకుని బంతితో ఒంటరిగా వచ్చాడు. "ఎడమకు!" అని అరిచాను. మా ఆయన ఎదురుగా పరుగెత్తి అతని కాళ్ళ మీద పడ్డాడు. బూటు ముఖానికి తగిలిన చప్పుడు నాకు వినిపించింది.

బంతి ఆయన పొట్ట కింద ఉంది. రెండు చేతులూ కుడి కంటి మీద ఉన్నాయి. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది.

నేను గ్రౌండులోకి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు.

"కనపడ్తాందా? నేను కనపడ్తాన్నా?"

"లేదు," అన్నాడు. "ఏం కనపడ్తలేదు."

ఆ మాట విన్నప్పుడు నాలో ఏమైందో ఇన్నేళ్ళయినా సరిగ్గా చెప్పలేను. చేతులు వాటంతటవే కొంగు తీసి ఆయన కంటి మీది రక్తం తుడిచాయి. కనుబొమ్మ చిట్లింది. మళ్ళీ నిండుతోంది, మళ్ళీ తుడిచాను. ఆయన రెప్పలు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు.

"ఏడుస్తానవు," అన్నాడు. "కనపడ్తాంది."

ఆ తర్వాతే నేను కెప్టెన్‌కు కంటి సంగతి చెప్పాను. అతను మా ఆయన గ్లవ్స్ తీయించి ఒక ఫిట్టర్‌కు తొడిగి గోల్‌లో నిలబెట్టాడు. చివర్లో ఇంకో గోల్ పడింది. మా కప్పు అక్కడితో అయిపోయింది.

మరునాడు రైల్వే దవాఖానకు ఆ ఫార్వర్డ్ సంత్రా పళ్ళు పట్టుకుని వచ్చాడు. దగ్గర్నుంచి చూస్తే చాలా చిన్నవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి, వచ్చీరాని హిందీలో, "భాభీ, ఆంఖ్?" అని అడిగాడు. కుడి కంటికి ఏమీ కాలేదని చెబితే గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చున్నాడు. అతనూ రాత్రంతా నాలాగే గడిపాడని అర్థమైంది.

హైదరాబాదులో ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. రెండు కళ్ళకూ కట్లు కట్టి, తల కదపకుండా పడుకోబెట్టారు. ఆ రోజులు మ్యాచ్ కంటే భయంగా గడిచాయి. ఆయన నిద్రలో కదిలితే నేను లేచి తల పట్టుకునేదాన్ని. కట్లు విప్పిన పొద్దున ఎడమ కంటికి కిటికీ వెలుతురు మాత్రం తెలిసింది, మనుషులు తెలియలేదు. ఇంకో వారం ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆయన తల దించుకుని విన్నాడు.

తిరుగు రైల్లో, మాతో హైదరాబాదు వచ్చిన అత్తమ్మ కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కాజీపేట వచ్చేదాకా వదల్లేదు.