ఒకే నంబరు మీద ఏడుగురు

జనగామలో మా మేడ మీది గదికి కిటికీ పడమటి వైపు ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నా బల్ల మీదికి వచ్చి కూర్చుంటుంది. దూరంగా కాజీపేట వైపు పోయే రైలు కూత వేస్తుంది. కింద వాకిట్లో అత్తమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటుంది. నా కళ్లు మూతలు పడుతుంటాయి. ఉద్యోగం చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటాను గానీ, ఆ వేళ నేను చేసేది సగం ఉద్యోగం, సగం కల.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు చోట్లా శాఖలున్న ఒక చిన్న దవాఖానకు రోగుల వివరాల సాఫ్ట్‌వేర్‌ను నేను చూసుకుంటాను. నా కంప్యూటర్‌లో ఎప్పుడూ రెండు తెరలు తెరిచి ఉంటాయి. ఒకటి వెతికే తెర. ఫోన్ నంబరు కొడితే చాలు, ఆ రోగి జబ్బులు, మందులు రాసిన చీటీ తెచ్చి ముందు పెడుతుంది. రెండోది లాగ్‌ల తెర. ఆ మూడు దవాఖానల్లో ఎవరు ఏ మీట నొక్కినా అక్కడ ఒక వరుస పడుతుంది. ఎన్ని గంటలకు, ఏ కౌంటర్‌లో, ఏం చేశారు, అంతే. వరుస కింద వరుస వస్తూనే ఉంటుంది, పాతవి పైకి పోతూనే ఉంటాయి.

రోజంతా ఈ తెర నుంచి ఆ తెరకు, ఆ తెర నుంచి ఈ తెరకు తిరగడమే నా పని. మొదటిది అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. రెండోది ఎవరూ అడగకపోయినా అన్నీ చెప్పుకుపోతుంది, వినేవాళ్లే ఉండరు. నేను వినేదాన్ని. మహబూబాబాద్ కౌంటర్‌లో వరుస పడితే, కేసముద్రంలో రైలెక్కి వచ్చినామె ఎవరో కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డట్టు అనిపించేది. భూపాలపల్లిలో పడితే, మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన బొగ్గుబావి కార్మికుడు కనిపించేవాడు. చాలాసేపు ఏ వరుసా పడకపోతే అక్కడ అన్నానికి లేచారన్నమాట.

అత్తమ్మ ఒకసారి పైకి వచ్చి నా వెనక నిలబడింది.

"ఏంది బిడ్డా, గా గీతలల్ల గంతగనం ఏం కనవడ్తున్నది?"

"మనుషులు కనవడ్తరు అత్తమ్మా."

"అయితే వాళ్లకు గూడ ఇంత చాయ్ వొయ్యి," అని నవ్వుకుంటూ కిందికి పోయింది.

ప్రేమ లాగ్‌ల మీద ఉన్నా, గర్వం మాత్రం వెతికే తెర మీదే. దాన్ని బాగుచేసింది నేనే. అంతకుముందు ఒక నంబరు కొడితే నాలుగైదు చీటీలు వచ్చేవి. వచ్చిన మనిషినే కౌంటర్ వాళ్లు మళ్లీ మళ్లీ కొత్తగా ఎక్కించేవాళ్లు, పేరు కూడా ఒక్కోసారి ఒక్కోలా రాసేవాళ్లు. డాక్టర్లు విసుక్కున్నారు. నేను ఒక నియమం పెట్టాను. పేరు ఎలా రాసినా సరే, నంబరు ఒకటే, ఊరు ఒకటే, వయసు దగ్గరదగ్గరగా ఉంటే ఆ మనిషి ఒక్కరే. అన్నిటికంటే కొత్త చీటీ చూపించు, మిగతావి దాచు. ఆ రోజు నుంచి తెర అద్దంలా శుభ్రమైంది. అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా నన్ను బాగానే మెచ్చుకున్నాను.

మొన్న పత్తి ఏరే రోజుల్లో, అలాంటి ఒక నిద్రమత్తు మధ్యాహ్నం భూపాలపల్లి నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. ఆమెది ఆ పక్క పల్లెటూరే. గొంతు ఎప్పుడూ నెమ్మదిగా ఉంటుంది. ఆ రోజు లేదు.

"అక్కా, ఒక అవ్వ వచ్చింది. కాలుకు ముల్లు గుచ్చి చీము వట్టింది, జరం మండిపోతున్నది. సారు సూది మొదలువెట్టాలంటున్నడు. అవ్వేమో ఒక సూది నాకు పడదు, మీ మానుకోట దవాఖానలనే ఒకసారి పానం మీదికొచ్చిందంటున్నది. ఏ సూదో ఆమెకు ఎర్కలేదు."

మానుకోట అంటే మహబూబాబాదే. అవ్వది కేసముద్రం పక్క ఊరట. భూపాలపల్లి వైపు చిట్యాల దగ్గర కూతురి ఇంటికి వచ్చి పత్తికి పోతే ముల్లు దిగిందట.

"నంబరు కొట్టి చూసినవా?" అన్నాను.

"కొట్టిన. చీటీ వచ్చింది. ఏ మందుతోనూ ఇబ్బంది లేదని ఉన్నది."

"మరింకేంది?"

"గది నేను కాదంటున్నది అవ్వ, పేరు గూడ జర తేడ ఉన్నది. ఆ చీటీల బీపీ ఉన్నట్టున్నది. నాకు బీపీ లేదు బిడ్డా, అంటున్నది."

నాకు కోపం వచ్చింది. నిద్ర చెడగొట్టినందుకో, నా తెరను అనుమానించినందుకో ఇప్పటికీ తెలియదు. "పేరు కౌంటరోళ్లు తప్పు రాసి ఉంటరు. పెద్దమనిషి, మరిచిపోయి ఉంటది. చీటీ అబద్ధం చెప్తదా?" అన్నాను.

"అవ్వ మరిచిపోలే అక్కా. ఆ సూది వడని దినం ఆటోల ఏడుగురు పోయిన్రట. ఎవరి పక్కన ఎవరు కూసున్నరో గూడ చెప్తున్నది. సారు ఇంక కొద్దిసేపే ఆగుతనన్నడు."

ఏడుగురు అన్న మాట నన్ను కుదిపింది. "ఆ నంబరు ఎవరిది?" అని అడిగాను.

ఫోన్‌లో సిస్టర్ అవ్వను అడగడం, అవ్వ జవాబు చెప్పడం వినబడింది. "ఆటో పిలగానిది. మాకు ఫోన్లు యాడియి బిడ్డా? తీస్కపోయేది ఆయినే, ఇంటికాడ దించేది ఆయినే. డాక్టరు సాబు ఏమన్న చెప్పాలంటే ఆయినకు చెప్తే మా అందరికి చెప్తడు. నోటికొచ్చిన నంబరు గదొక్కటే."

వెతికే తెర వదిలి లాగ్‌ల తెరకు పోయాను. ఆ నంబరు పెట్టి పాత వరుసలు వెనక్కి తిప్పుతూ పోయాను. ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి జరిగింది. రైలు కూత వినబడిందో లేదో గుర్తులేదు. రోజులు, నెలలు కళ్ల ముందు నుంచి వెనక్కి పోతుంటే, నేను ఆ గదిలో లేనట్టు, ఎవరి నిద్రలోనో నడుస్తున్నట్టు అనిపించింది.

అక్కడున్నాయి. ఒక ఉదయం, మహబూబాబాద్ కౌంటర్, ఒకే నంబరు, కొత్త చీటీలు ఏడు. ఒక్కోదానికీ ఇంకోదానికీ మధ్య రెండు మూడు నిమిషాల ఎడం. ఆ ఎడంలో ఒకామె పక్కకు జరిగి ఇంకొకామె ముందుకు రావడం, సంచి కింద పెట్టడం, వయసెంత అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, అన్నీ నాకు కనిపించాయి. ఇంకొంచెం ముందుకు జరిపితే మరో ఆరు వరుసలు. చీటీ దాచబడింది, చీటీ దాచబడింది, ఆరుసార్లు అదే మాట. ప్రతి వరుస చివరా దాచిన నియమం ఎవరు పెట్టారో ఉంది. నా లాగిన్.

ఏడుగురు బతికున్న ఆడవాళ్లను నేను ఒక్క మనిషిని చేశాను. నియమం పెట్టేటప్పుడు, ఒక ఫోన్ నంబరు ఒక ఊరి వాళ్లందరిదీ కావచ్చని నాకు తట్టలేదు. నేనేమన్నా పరాయి దేశంలో పెరిగానా? చిన్నప్పుడు తొర్రూరులో మా వీధి మొత్తానికి కిరాణా కొట్టు ఫోనే దిక్కు. అది తెలిసిన మనిషినే ఈ పని చేశాను. సిగ్గు వేసింది.

దాచినవి చెరిగిపోలేదు, అదొక్కటే అదృష్టం. ఒక్కొక్కటీ తెరిచాను. మూడోదాంట్లో ఏమీ లేదు. నాలుగోదాంట్లో ఉంది. ఫలానా సూది ఇచ్చాక ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు, మళ్లీ ఇవ్వకూడదు అని పెద్ద అక్షరాలతో. బీపీ లేదు, పేరు అవ్వదే.

ఫోన్‌లో ఆ మందు పేరు చదివాను. "గదే అక్కా. సారు గదే రాసిండు. సిరంజిల ఎక్కించి వెట్టుకున్న," అంది సిస్టర్.

డాక్టరు మందు మార్చాడు. నేను ఆ నియమాన్ని తీసేసి, దాచినవన్నీ బయటపెట్టి, జరిగింది జరిగినట్టు పైవాళ్లకు రాశాను. తర్వాత కిందికి పోయి అత్తమ్మ పక్కన కూర్చుని మిరపకాయలు ముందేసుకున్నాను. చాలాసేపటికి, చేతులు మండుతున్నాయని తెలిసింది.

రెండు రోజుల తర్వాత హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి పోయాను. పరకాల దాటాక దారి పొడుగునా పత్తి చేలు తెల్లగా, మసకగా ఉన్నాయి. పోయి ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను గానీ దిగేసరికి ఒక్క ముక్కా మిగల్లేదు.

అవ్వ మంచం మీద కూర్చుని అన్నం తింటోంది. జ్వరం దిగిందట. సన్నటి మనిషి. నేను స్టూలు లాక్కుని కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "అవ్వా, నీ చీటీ కనవడకుండ చేసింది నేనే. నంబరొక్కటే ఉంటే అందరు ఒక్కరే అనుకున్న. నువ్వు కాదనకుంటే నీకు ఆ సూదే ఇచ్చేటోళ్లు. నా తప్పే."

అవ్వ నన్ను తిట్టలేదు. ముద్ద నమిలి మింగి, "మిగిలినోళ్లయి గూడ దొర్కినయా?" అని అడిగింది.

"దొర్కినయ్ అవ్వా. ఏడుగురియి దొర్కినయ్."

"ఏడుగురేంది బిడ్డా, ఇప్పుడు ఆరుగురమే. బీపీ ఉన్నామె లేదా, ఆటోల నా పక్కపొంటి కూసున్నది? పోయినేడు నాట్లప్పుడు పోయింది పాపం."

నా శుభ్రమైన తెర మీద ఇన్నాళ్లూ కనిపించింది ఆమె ఒక్కతే. బతికున్న ఆరుగురినీ ఆమె వెనక దాచిపెట్టి, అంతా సరిగ్గా ఉందని నేను కునుకు తీశాను.

అవ్వ కంచం పక్కన పెట్టింది. "నువ్వు తీసేసుడు, వెట్టుడు చేస్తవట గద. ఆమెది మాత్రం తియ్యకు బిడ్డా. ఆమెకు ఫొటో గూడ లేదు," అంది.

"సరే అవ్వా," అన్నాను.

చనిపోయినవాళ్ల చీటీ, ఇక వెతికినా దొరక్కుండా మూసేయడం మా దవాఖానలో పద్ధతి. ఆ పని చేయాల్సింది నేనే. ఆమెది నేనింకా మూయలేదు.