చెక్క మీద చెయ్యి

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు ఇంకా బయల్దేరలేదు. వారంలో నా మొదటి కచేరీ. గిటార్ ఒళ్లో పెట్టుకుని, చౌకలో ఏ పికప్ కొనాలా అని ఫోన్లో వెతుకుతున్నాను.

"ఏంటి బాబూ అది?" అంది పక్క సీట్లో పెద్దావిడ, ఫోన్లో బొమ్మ చూసి. మామిడి సొనకు ఆవిడ వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"గిటార్ శబ్దాన్ని స్పీకర్లోకి పంపే బిళ్లండీ. చెక్కకు అతికించాలి. మరీ చౌకది, పలుకుతుందో లేదో."

"ఏదీ, వాయించు."

వాయించాను. ఆవిడ అరచేతిని చెక్క మీద మెల్లగా జరుపుతూ ఒకచోట ఆపింది.

"ఇక్కడ అతికించు. చౌకదైనా పలుకుద్ది."

"ఎలా తెలిసిందండీ?"

"కాయలు ఏరే చెయ్యి బాబూ. పైన తడిమితే లోపల టెంక ముదిరిందో లేదో తెలిసిపోద్ది."

ఆ బిళ్లే కొని ఆవిడ చూపిన చోటే అతికించాను. ఇప్పటికీ కచేరీ అయ్యాక, ఏ కంపెనీ పికప్ అని అడుగుతారు. చెబుతాను. ఆవిడ పేరే నేను అడగలేదు.