మేస్త్రి అన్నయ్య కట్టిన మూడు గదుల కోళ్ళ ఇల్లు

మేస్త్రి అన్నయ్య పోయాడన్న మాట నాకు చెప్పింది మా ఎదురింట్లో ఉండే తఖత్‌పూర్ ఆవిడ. పొద్దున్నే కోళ్ళకు నూకలు చల్లుతున్నాను. ఆవిడ గేటు దగ్గరే నిలబడి, "దీదీ, మిస్త్రీ దాదా నహీ రహే" అంది. నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. కోళ్ళకేం తెలుసు, మిగతా నూకలు ఎప్పుడు పడతాయా అని మెడలెత్తి నా మొహంలోకే చూస్తున్నాయి. నిద్రలోనే పోయాడట. టీ ఇద్దామని లేపబోతే వాళ్ళావిడకు, అంటే మా ఒదినకు, తెలిసిందట.

నాకు ప్రతిదానికీ భయమే. మా ఆయన వచ్చే బండి ఆలస్యమైతే భయం, బట్టలు ఆరేశాక మబ్బు పడితే భయం, తలుపు గడియ వేశానో లేదో అని భయం. అలాంటి నేను మేస్త్రి అన్నయ్య పోతాడని మాత్రం ఏనాడూ భయపడలేదు. అన్నిటికీ భయపడి, ఆ ఒక్కదానికే భయపడడం మర్చిపోయాను.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చిన కుటుంబాల్లో వాళ్ళదొకటి, మాదొకటి. బోగీల మరమ్మతు షెడ్డులో ఆయన వడ్రంగి మేస్త్రి, మా ఆయన ఫిట్టర్. రిటైరయ్యాక ఇద్దరూ ఊరి చివర లాల్‌ఖదాన్‌లో రైలు పట్టాల పక్కనే చిన్న ఇళ్ళు కట్టుకున్నారు. మా ఆయన ఆయన్ను గురూ అనేవారు. నేను అన్నియ్యా అనేదాన్ని. ఆయన నన్ను సెల్లీ అనేవాడు.

ఆయన గురించి రాయాలంటే మా అమ్మ కోళ్ళ గురించి చెప్పకుండా కుదరదు. నేను చివరిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ తన కోళ్ళ గుడ్లు డజను ఏరి, డబ్బాలో ఊక పోసి, అందులో సర్ది ఇచ్చింది. ఒంటి మీద బూడిద రంగు, మెడ చుట్టూ రాగి రంగు ఈకలు, అదీ ఆ కోళ్ళ రూపం. బిలాస్‌పూర్ వచ్చేదాకా ఆ డబ్బాను రైల్లో ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇక్కడ ఒక పొదుగు పెట్టను సంపాదించి దాని కింద పెడితే తొమ్మిది పిల్లలు లేచాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే అమ్మ పోయింది. ఆవిడ పెంపకంలోది నా దగ్గర ఇంకేదీ లేదు, ఈ కోళ్ళు తప్ప. ఊళ్ళో ఉన్న కోళ్ళు కూడా ఆవిడతో పాటే ఎవరి చేతికో పోయాయి.

నేను వాటిని గంప కింద మూసేదాన్ని. పైన రాయి పెట్టేదాన్ని. ముంగిస వచ్చి గంప కింద మన్ను తవ్వి రెండు పెట్టల్ని పట్టుకుపోయింది. ఇంకో వారానికి పిల్లి ఒకదాన్ని. మిగిలిన వాటిని వంటింట్లో పెట్టుకుని నిద్ర లేకుండా కూర్చుంటే మా ఆయన విసుక్కుని మేస్త్రి అన్నయ్యను పిలుచుకొచ్చారు.

ఆయన రంపం తేలేదు, టేపు తేలేదు. కుక్కిమంచం వాల్చుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా పెరట్లో కూర్చుని కోళ్ళను చూశాడు. ఎక్కడ గీరుతున్నాయి, ఎండ ఎక్కినప్పుడు ఎటు పోతున్నాయి, గుడ్డు పెట్టే ముందు ఏ మూల వెతుక్కుంటున్నాయి, అన్నీ చూశాడు.

మా ఆయన ఊరుకుంటారా. "ఏటి గురూ, కోళ్ళకి జాతకం రాస్తన్నావేటి?"

"పాసింజర్లని సూడకుండా బోగీ ఎలాగ కడతామయ్యా," అన్నాడు అన్నయ్య, తల తిప్పకుండానే.

రెండో రోజు నాలుగు లావుల కర్రముక్కలు తెచ్చాడు. ఒక పెట్టను పట్టుకుని ఒక్కో కర్ర మీదా నిలబెట్టాడు. సన్న కర్ర మీద అది ఊగింది. లావు దాని మీద జారింది. మూడో కర్రను వేళ్ళతో చుట్టి పట్టుకుని, ఈకలు దులుపుకుని, అక్కడే కళ్ళు మూసింది. "ఇదీ దీని బెర్తు," అన్నాడు. ఆ కర్ర కొలతకే అన్నీ చెక్కి, అంచులు గుండ్రంగా, నున్నగా చేశాడు. అన్ని బెర్తులూ ఒకే ఎత్తున వేశాడు. ఒకటి పైన ఒకటి కింద వేస్తే పై బెర్తు కోసం కొట్టుకుంటాయట. ఒక్కో కోడికి జానెడు చోటు లెక్క చూసుకున్నాడు. కోడిని అడిగి ఇల్లు కట్టేవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడను.

షెడ్డులో అంతకాలం పనిచేసి ఒక్క మేకు ఇంటికి తెచ్చినవాడు కాదు. పాత తలుపులు, సామాన్లు వచ్చిన చెక్కపెట్టెలు కొని తెచ్చి వాటితోనే కట్టాడు. మోకాలి ఎత్తు కాళ్ళ మీద ఇల్లు నిలబెట్టి, ప్రతి కాలి కిందా నీళ్ళ డబ్బా పెట్టాడు, చీమలు ఎక్కకుండా. నేలకు చెక్కలు సందు వదిలి కొట్టాడు, రెట్ట కిందకి రాలిపోయేలా. ముందున్న దొడ్డి చుట్టూ ఇనుప వల జానెడు లోతు పాతి, అడుగున బయటికి మడిచాడు. ముంగిస తవ్వుకుంటూ వస్తే ఆ మడత తగిలి తెల్లబోతుందట. తలుపుకు రెండు గడియలు. "ఒక్క గడియ పిల్లి నేర్చుకుంటాది. రెండోది నేర్చుకోడానికి దానికి ఓపిక సాలదు."

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది కప్పు కింద, కోళ్ళ తలలకు పైన, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పెట్టిన కిటికీ. రైలు కిటికీకి ఉండే చెక్క షట్టరు మీకు తెలుసు కదా, వాలుగా పలకలు ఉండేది, వాన లోపలికి రాదు, గాలి వస్తుంది. అచ్చం అలాంటిదే. జీవితమంతా మనుషులకు చేసిన పనినే చివరికి మా అమ్మ కోళ్ళకు చేశాడు.

ఇల్లు మూడు గదులు. ఎందుకు మూడు అంటే, అప్పుడు చెప్పాడు అసలు సంగతి. "సెల్లీ, నీ దగ్గరున్నవన్నీ ఒక్క గూటి పిల్లలు. ఇలాగే ఒదిలీస్తే అన్నాసెల్లెళ్ళు జత కట్టి, నాలుగేళ్ళకి గుడ్లు పొదగవు, పిల్లలు బతకవు. మీ అమ్మ కోళ్ళు వాటంతటవే అయిపోతాయి."

పిల్లీ ముంగిసా తప్ప ఇంకో భయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

గదులకు రైలు పట్టాల పేర్లు పెట్టాడు. అప్ లైను, డౌన్ లైను, లూప్ లైను. తఖత్‌పూర్ సంతకు వెళ్ళి రంగులో దగ్గరగా ఉన్న మంచి పెట్టలు రెండు తెచ్చి, అప్‌లో ఒకటి, డౌన్‌లో ఒకటి కలిపాడు. మా అమ్మవి మూడు గదులకూ పంచాడు. ఏడాదికోసారి పొదిగించే కాలం వచ్చేసరికి అప్‌లో పుట్టిన మంచి పుంజు డౌన్‌కి పోవాలి, డౌన్‌ది లూప్‌కి, లూప్‌ది అప్‌కి. పెట్టలు మాత్రం పుట్టిన గదిలోనే ఉంటాయి. ఏ పిల్ల ఏ లైనుదో తెలియడానికి కరెంటు తీగ మీది రబ్బరు తొడుగు ముక్కలు కోసి కాళ్ళకు తొడిగాడు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, మన సిగ్నల్ రంగులే. కాళ్ళు లావెక్కినప్పుడల్లా వచ్చి మార్చేవాడు.

ఒదిన ఇదంతా విని, "అయితే పెట్టలు పుట్టింట్లోనే ఉంటాయి, పుంజులే అత్తారింటికి ఎల్తాయన్నమాట. అచ్ఛా. ఈ బుద్ధి మా పెళ్ళినాడు ఏమయినాది మీ అన్నియ్యకి?" అంది.

అన్నయ్య నవ్వు ఆపుకుంటూ, "నిన్ను సూసినాక బుద్ధి ఎక్కడున్నాది," అన్నాడు.

ఇంకో పని చేయించాడు, అది నాకు బొత్తిగా ఇష్టం లేదు. మొదటి ఏడాది పిల్లలు ఎదిగాక ఒక జతను ఎదురింటావిడ పుట్టింటికి, తఖత్‌పూర్‌కి ఇచ్చేయమన్నాడు. కన్నపిల్లల్ని పంపినట్టు ఏడ్చాను. "అన్ని ఇంజన్లూ ఒక్క షెడ్డులో ఎట్టకూడదు సెల్లీ," అన్నాడు. ఆవిడ గంపలో పెట్టుకుని బస్సెక్కుతుంటే నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత రెండో ఏడు చలికాలం, నేను చేసిన పని రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ అది రాయకపోతే ఆయన ఎలాంటివాడో మీకు తెలియదు.

ఆ ఏడు పొగమంచు పట్టి, పొద్దెక్కినా అవతలి పట్టాలు కనపడేవి కావు. నాకు ఆ షట్టరు కిటికీ చూస్తే భయం. మనం తలుపులు బిగించుకుని దుప్పట్లు కప్పుకుంటే, ఆ నోరు లేనివాటి నెత్తిన చలిగాలా అనుకున్నాను. అన్నయ్యను అడిగితే ఒద్దంటాడని తెలిసి, అడగలేదు. ఇంట్లో ఖాళీ గోనెలు రెండున్నాయి. ఒకటి అప్ గది కిటికీకి, ఒకటి డౌన్ గది కిటికీకి మేకులు కొట్టి బిగించాను. పైన కప్పు రేకు అంచు ఉండడంతో దూరానికి కనపడవు. లూప్ గదికి గోనె లేదు. అది పట్టాల వైపు గది, చలంతా దానికే. పొద్దున లేస్తూనే ముందు లూప్ గదినే చూసేదాన్ని, ఏవి చచ్చి ఉన్నాయో అని.

అవి బాగానే ఉన్నాయి. అప్ గది తలుపు తీస్తే కళ్ళు మండే వాసన వచ్చింది. కోళ్ళ కళ్ళలో నురుగు, ముక్కుల్లో చీమిడి, గురక. పది రోజుల్లో అప్ గది ఖాళీ అయింది. డౌన్ గదిలో ఒక్క ముసలి పెట్ట మిగిలింది.

అన్నయ్య వచ్చాడు. నేను స్తంభం చాటున నిలబడ్డాను. ఆయన గోనెల్ని చూశాడు, నన్ను చూశాడు. లోపలికి చెయ్యి పెట్టి రేకు అడుగున ఒకసారి తుడిచి, ఆ అరచెయ్యి నా ముందు పట్టాడు. నీళ్ళు కారుతున్నాయి.

"సలి సంపలేదు సెల్లీ. ఈ సెమ్మ సంపింది. ఆటి ఊపిరే ఇది, బైటికి పోడానికి దారి లేక మళ్ళీ ఆటి మీదే పడింది. ఈకలే ఆటికి దుప్పట్లు. దుప్పటి తడిసిపోతే ఏటి సేస్తాయి?"

ఆయన లూప్ గది తలుపు తీశాడు. పుంజు, నాలుగు పెట్టలు, పొడిగా, ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉన్నాయి.

"మరి దీనికి గోని ఏల కట్టలేదు?"

"మూడో గోనెలో బియ్యమున్నాయి అన్నియ్యా."

ఆయన తలుపు మూస్తూ, "అయితే ఎల్లి ఆ బియ్యానికి దండం ఎట్టుకో," అన్నాడు.

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. నేను కాపాడుకున్న రెండు గదులూ పోయాయి. కాపాడలేకపోయానని కుమిలిన గది బతికింది.

నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. తిట్టలేదు. మేకులు ఊడబెరికి, గోనెలు దులిపి, మడిచి నా చేతిలో పెట్టాడు. "భయపడు సెల్లీ. భయపడొద్దని నాననను, నీకది సేతకాదు. కిటికీ మాత్రం ముయ్యకు."

మర్నాడు గంప తీసుకుని తఖత్‌పూర్ బస్సెక్కాడు. డెబ్భై దాటిన మనిషి. ఒదిన వద్దన్నా వినలేదు. సాయంకాలం బస్సు దిగి, గంప నెత్తిన పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "మీ అమ్మ పిల్లలు అక్కడ పెద్ద సంసారం ఎట్టీసినారు సెల్లీ. ఊళ్ళో సగం ఇళ్ళలో అవే." గంప మీది గుడ్డ తీశాడు. ఒక పుంజు, రెండు పెట్టలు. బూడిద ఒళ్ళు, రాగి మెడ. ఇవ్వనని నేను ఏడ్చి ఇచ్చినవాటి పిల్లలు. ఆ గంప ముందు నేల మీద కూర్చుండిపోయాను. అమ్మే బస్సు దిగి వచ్చినట్టు అనిపించింది. అప్ గది, డౌన్ గది మళ్ళీ నిండాయి.

షెడ్డులో బోగీని పూర్తిగా విప్పి, బాగుచేసి పంపేటప్పుడు మళ్ళీ ఎప్పుడు రావాలో దాని ఒంటి మీదే రాస్తారు. అన్నయ్య మా కోళ్ళ ఇంటికీ అలాగే రాసేవాడు. ఆరు నెలలకోసారి వచ్చి బెర్తులు ఊడదీసి ఎండలో పెట్టి, సందుల్లో సున్నం కొట్టి, గడియలు సరిచేసి, చివర్లో పక్క చెక్క మీద తెల్లరంగుతో రాబోయే నెల పేరు రాసేవాడు. ఆ నెల వచ్చిందంటే పిలవక్కర్లేదు, గేటు చప్పుడయ్యేది. చివరిసారి రాసిన నెల నవంబరు. ఆయన వానాకాలం వెళ్ళేలోగానే పోయాడు.

నవంబరు వచ్చింది. గేటు చప్పుడవుతుందేమోనని రెండు రోజులు చూశాను, పిచ్చిదాన్ని. మూడో రోజు ఒదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఏమీ అడగకుండా లోపలి నుంచి రంగు డబ్బా, కుంచె తెచ్చింది. "తీసుకెళ్ళు. ఇక్కడుంటే ఎండిపోతాది," అంది. నేనూ మా ఆయనా కలిసి బెర్తులు ఊడదీశాం. సున్నం కొట్టాం. మా ఆయన రాస్తానన్నారు, నేను ఇవ్వలేదు. నాలుగో తరగతి చదువుతో వంకరటింకరగా 'మే' అని రాశాను. ఆయన రాసిన నవంబరు పక్కన నా అక్షరాలు చిన్నపిల్ల రాసినట్టున్నాయి.

నిన్న ఈ ఏటి మొదటి చలి పడింది. పొద్దు వాలే వేళ కోళ్ళన్నీ లోపలికి ఎక్కాక, నాకు తెలియకుండానే చేతిలో గోనెతో అక్కడ నిలబడి ఉన్నాను. అలవాటైన భయం, ఎక్కడికి పోతుంది. షట్టరు పలకల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. లోపలి నుంచి వాటి ఊపిరి వెచ్చగా నా వేళ్ళకు తగిలి, బయటికి వెళ్ళిపోతోంది. లోపల ఒక పెట్ట సర్దుకుని, జానెడు చోటులో మళ్ళీ కుదురుకుంది. గోనెను మడిచి, నేల మీద వేసుకుని, దాని మీద కూర్చున్నాను.