మ్యాపులో లేని బండ మీద నేను

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కళ్లతో చూసింది అబద్ధం కాదనీ, కంప్యూటర్ చెప్పిందల్లా నిజం కానక్కర్లేదనీ. మొదటిదాని వల్ల ప్యాంటు చిరిగింది, రెండోదాని వల్ల ఉద్యోగం ఊడబోయింది. రెంటిలో ఒక్కదాన్నీ ఇప్పటికీ వదల్లేదు.

హైటెక్ సిటీలో మ్యాపులు చేసే ఆఫీసులో కొత్తగా చేరాను. మావాళ్లు ఖాళీ స్థలంలో అక్కడక్కడా నేల ఎత్తు కొలుచుకొస్తారు. కొలవని చోట ఎత్తెంతో చుట్టుపక్కల కొలిచిన పాయింట్లను బట్టి కంప్యూటర్ ఊహించి, మొత్తం నేలను రంగుల్లో గీసి చూపిస్తుంది. (నాలుగిళ్లలో ఏం వండారో అడిగి అయిదో ఇంటి కూర పేరు చెప్పేయడమన్నమాట. చాలాసార్లు నిజమే అవుతుంది, అదే దాని పొగరు.) నానక్‌రామ్‌గూడలోని ఓ స్థలం మ్యాపు నా చేతికొచ్చేసరికి క్యారమ్ బోర్డులా చదునుగా ఉంది. నేను రోజూ షేర్ ఆటోలో పోయే దారే అది. అక్కడ ఏనుగుల గుంపంత బండ ఉంది! కొలతలు తెచ్చినాయన హఫీజ్‌పేట్ మనిషి, ఎండలో గొడుగు వదలడని గొడుగన్న అనేవాళ్లం. అడిగితే, "ఒక చేత్ల గొడుగు, ఒక చేత్ల మిషను. బండెట్ల ఎక్కుత తమ్మీ? సుట్టూ తిరిగి కొలిచిన," అన్నాడు నిబ్బరంగా. చుట్టూ చదునే కాబట్టి మధ్యలోనూ చదునేనని కంప్యూటర్ తీర్మానించేసింది.

పరుగున వెళ్లి మేనేజరు గారికి చెప్పాను. ఆయన గుంటూరు వైపు మనిషి. "పాయింటుందా? లేదుగా. అయితే బండ లేదబ్బాయ్. రేపు క్లయింటుకి ఇదే పోతుంది. నువ్వు చేత్తో గీతలు మార్చావో, నీ ప్రొబేషన్ అక్కడితో సరి," అన్నారు.

పాయింటే కదా కావాలి! మధ్యాహ్నం భోజనాల వేళ మిషను చంకన పెట్టుకుని పోయి బండెక్కాను. ఎలా ఎక్కానంటే, ఉడుములు చూసి నేర్చుకున్నాయి. (నమ్మరా? మీ ఖర్మ.) కొలత తీసుకుని కిందికి చూస్తే కళ్లు తిరిగి, అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయాను. గేదెలు తోలుకుపోతున్న ఓ అవ్వ ఆగి, "ఏంది బిడ్డా, పెండ్లాం కొట్టిందా?" అంది. ఇంతలో, మిషను మాయమైందని తెలిసి మేనేజరు గారే గొడుగన్నను వెంటేసుకుని వచ్చారు.

"దిగవయ్యా, పడి చస్తావ్!"

"దేని మీంచి సార్? ఇక్కడ బండే లేదుగా!"

గొడుగన్న గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"అబ్బాయ్, ఉద్యోగం పోద్ది!"

"పోనివ్వండి. బండుందని ఒక్కసారి అనండి, దిగుతా." (అన్నా దిగలేనని ఆయనకేం తెలుసు!)

మేనేజరు గారు అవ్వ వైపు, గేదెల వైపు, నా వైపు చూసి, "ఉందయ్యా! ఉంది! బ్రహ్మాండంగా ఉంది!" అని అరిచారు. అవ్వ ఊళ్లోంచి నిచ్చెన తెప్పించింది. ప్యాంటు చిరిగింది దిగేటప్పుడే.

మ్యాపులోకి బండ వచ్చింది. పైన ఒక్కటే పాయింటు కనుక, పీట మీద మేకు తేలినట్టు మొనదేలి వచ్చింది. ఇదేమిటని క్లయింటు అడిగితే, "బండండీ. మావాడు ఎక్కి మరీ కొలిచాడు," అన్నారు మేనేజరు గారు. నా ఉద్యోగం నిలిచింది.

బండ మాత్రం నిలవలేదు. దాన్ని పేల్చి, చదును చేసి, అద్దాల మేడ కట్టారు. ముందుచూపున్నది పాత మ్యాపుకేనని గొడుగన్న ఇప్పటికీ వెక్కిరిస్తాడు. నేనొప్పుకోను. ఈమధ్య పనుండి ఆ మేడకి వెళ్తే, రెండో అంతస్తు కిటికీ దగ్గర ఆగిపోయాను. సరిగ్గా ఆ బండ ఎత్తే. "ఈ బిల్డింగు లేనప్పుడే నేనిక్కడ కూర్చున్నాను," అన్నాను పక్కనున్న కుర్రాళ్లతో. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, "అంకుల్, కాఫీ తాగండి," అని కుర్చీ జరిపారు.

కాఫీ తీసుకున్నాను. కుర్చీ వద్దని, నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.